చురుకైన ప్రకృతి ప్రేమికుల జంట

ఆ ఆదివారం ఉదయం ఆ ఇంటివాళ్లు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఓడ ప్రయాణాల పుస్తకం చూడాలి, అందులోని మూడు యాత్రల్లో ఒకదానికి టిక్కు పెట్టాలి, ఆ తర్వాత ఫ్యాను రెక్కలు తుడవాలి. పదిన్నరకల్లా అన్నీ అయిపోతాయని ఇద్దరి అంచనా. ఫ్యాను రెక్కలు మాత్రం అనుకున్న వేళకే శుభ్రపడ్డాయి.

భర్త త్రాసులు తయారుచేసే కంపెనీలో తూకాల పరీక్షకుడు. బయటికెళ్లే ప్రతి త్రాసు మీదా ఇనుప తూకపురాళ్లు పెట్టి, ముల్లు సరిగ్గా నిలిచిందో లేదో చూసి సంతకం పెట్టడం ఆయన పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపేస్తారు కనుక తోటి ఉద్యోగులు ఆయనకు మిల్లీగ్రాముగారని పేరు పెట్టారు. ముప్పై ఏళ్లు పనిచేసినవారికి ఆ కంపెనీ ఒకే ఒక్కసారి, భార్యాభర్తలిద్దరికీ కలిపి, ఏడు రోజుల ద్వీపాల యాత్ర కానుకగా ఇస్తుంది. ఏ యాత్రో తేల్చుకోవలసింది మాత్రం వాళ్లే.

మూడింటికీ ఓడ ఒకటే. మొదటి యాత్రలో అది ద్వీపాల చుట్టూ నెమ్మదిగా తిరుగుతుంది. యాత్రికులు డెక్కు మీద పడక కుర్చీల్లో కూర్చుని చూస్తారు. రెండో దాంట్లో రేవు రేవుకీ దిగి దుకాణాలు చూస్తారు. మూడోది 'చురుకైన ప్రకృతి ప్రేమికుల కోసం'. అందులో చల్లారిన అగ్నిపర్వతం ఎక్కాలి, పగడాల మీదుగా ఈదాలి, మడ అడవుల్లో ఎవరి తెడ్డు వాళ్లే వేసుకోవాలి, జలగలున్న అడవిలో ఎనిమిది కిలోల సంచీ వీపున వేసుకుని పదహారు కిలోమీటర్లు నడవాలి.

ఇద్దరికీ మొదటిదే కావాలి. ఇల్లాలికైతే అది సరదా కాదు, అవసరం. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె ఎక్కడ కూర్చున్నా పది నిమిషాలు దాటకముందే కుక్కరో, కాలింగ్ బెల్లో, అత్తగారో, కూతురో లేపేవారు. అత్తగారు కాలం చేశారు, కూతురు హాస్టల్లో ఉంది, అయినా కాళ్లు అలవాటు మానలేదు. ఏడు రోజులు, భర్త పక్కన, లేవకుండా కూర్చోవాలి. అంతవరకు ఎవరినీ అడగని కోరిక అది. ఇప్పుడు తప్పితే మళ్లీ అడిగే సందర్భం కూడా రాదు.

కానీ ఆ ఇంటికొక రివాజు ఉంది. తనకేం కావాలో అక్కడ ఎవరూ చెప్పరు. ఎదుటి మనిషికి ఏం కావాలో కనిపెట్టి, తనకూ అదే కావాలని పట్టుబట్టాలి. ఆ రివాజు పుణ్యమా అని ఇద్దరికీ నచ్చని నీలం కర్టెన్లు పదిహేనేళ్లుగా హాల్లో వేలాడుతున్నాయి.

పుస్తకం తిరగేస్తూ మిల్లీగ్రాముగారు భార్య కళ్లను గమనించారు. అవి మూడో యాత్ర పేజీ మీద ఆగిపోయాయి. జలగ బొమ్మ చూసి కొయ్యబారిపోయిందని ఆయనకెలా తెలుస్తుంది? ఆమె భర్త వేలిని గమనించింది. అదీ మూడో యాత్ర మీదే గట్టిగా ఆనింది. గాలికి పేజీ ఎగరకుండా పట్టుకున్నారని ఆమెకెవరు చెబుతారు?

"మూడోది బావున్నట్టుందే," అన్నారాయన ఆచితూచి.

"నేనూ అదే అనబోతున్నా," అంది ఆమె, దిగులు గొంతులోకి రాకుండా.

"నీకు కొండలంటే ఇష్టమేగా?"

"ఇష్టం కాకపోవడమేంటి! మీకు ఈతంటే సరదా కదా మరి."

"మహా సరదా," అన్నారు మిల్లీగ్రాముగారు. ఆయన ఆఖరుసారి నీళ్లలోకి దిగింది కాలు జారి.

ఫారం నింపడానికి బావమరిది వచ్చాడు. అతను బాత్రూమ్ టైల్స్ అమ్ముతాడు. చుట్టాల్లో ఎవరికే ఫారం వచ్చినా అతని చేతికే ఇస్తారు. అప్పటిదాకా అతను రాసినవన్నీ పెళ్లి సంబంధాల వివరాలే కావడంతో, ఫారమన్నాక ఉన్నదున్నట్టు రాయకూడదని అతని గట్టి నమ్మకం.

"ఈత వచ్చా అని అడుగుతున్నారు బావా. అయిదుకి ఎంతెయ్యమంటావ్?"

మిల్లీగ్రాముగారు వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "సున్నా వెయ్యి."

"సున్నా వేస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు? అయిదు వేస్తున్నా. కొండలు?"

"కొండలకీ సున్నాయే."

"వారానికి రెండు ఎక్కుతారని రాశా."

కాఫీ గ్లాసు అందుకునే నెపంతో అతను వంటింట్లోకి వెళ్లినప్పుడు అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒరేయ్, నాకు నీళ్లంటే భయంరా. అది కాస్త చూసి రాయి."

"నువ్వూరుకో అక్కా. నీ పెళ్లప్పుడు నీకు సంగీతం వచ్చని రాశాం. ఇన్నేళ్లలో బావ ఒక్కసారైనా పాడమన్నాడా?"

ఆమె గ్లాసు నింపి అతని చేతిలో పెట్టింది.

నాలుగో రోజున యాత్రల సంస్థ నుంచి నిర్వాహకురాలు ఫోన్ చేసింది. "సార్, అన్నిటికీ అయిదుకి అయిదు వేసిన జంట మాకు ఇంతవరకు తగల్లేదు. మూడో యాత్రకి మీతో కలిపి పది జంటలయ్యాయి. మిమ్మల్నే జట్టు నాయకులుగా పెట్టాం. ఫోన్లో గ్రూపు కూడా చేశాం. ఎవరికేం సందేహమొచ్చినా మీరే ధైర్యం చెప్పాలి."

కాదందామని ఆయన నోరు తెరిచారు. ఎదురుగా నిలబడి వింటున్న ఇల్లాలి ముఖం పాలిపోయింది. ఆయనకది ఆనందంతో నోట మాట రాని ముఖంలా కనిపించింది. "అలాగేనండీ, మాకూ సంతోషమే," అన్నారు.

గ్రూపులో ప్రశ్నలు మొదలయ్యాయి. జలగ పట్టుకుంటే ఉప్పు చల్లాలా, సబ్బు రాయాలా అని ఒకాయన అడిగారు. దానికి జవాబివ్వకుండా ఊరుకోగలిగారు మిల్లీగ్రాముగారు. కానీ మర్నాడు ఇంకొకావిడ, సంచీ బరువు ఎనిమిది కిలోలంటే నీళ్ల సీసాతో కలిపా, విడిగానా అని అడిగింది. బరువు సంగతి ఎవరైనా ఎత్తితే ఆయన ఊరుకోలేరు. రెండు పేజీల సమాధానం రాశారు. రాసిన ఊపులో లైబ్రరీ నుంచి పర్వతారోహణ పుస్తకం తెచ్చి పన్నెండు వారాల సాధనా పట్టిక తయారుచేసి పంపారు. రోజుకు నలభై అంతస్తుల మెట్లు, ఖాళీ సంచీ రెండువందల గ్రాములు పోను వీపు మీద బరువు వారానికి ఆరువందల యాభై గ్రాముల చొప్పున పెంపు, కొలత తప్పరాదు. ఆ పట్టికకు గ్రూపులో ఒక్కరూ జవాబివ్వలేదు. ఆయన దాన్ని గౌరవంగా తీసుకున్నారు.

నాయకుడన్నాక తను చేయకుండా తప్పదు. మిల్లీగ్రాముగారు మధ్యాహ్న భోజనం వేళలో తూకపురాళ్లు సంచీలో వేసుకుని ఆఫీసు మెట్లు ఎక్కి దిగసాగారు. ఎవరైనా అడిగితే లిఫ్టు మీద నమ్మకం లేదన్నారు. ఇంట్లో చెప్పలేదు. చెబితే, తన ముచ్చట కోసం ఈయన ఇంత కష్టపడుతున్నాడని భార్య బాధపడుతుందని ఆయన భయం.

అదే భయంతో ఆమె కూడా ఇంట్లో చెప్పకుండా, పొద్దున పదకొండింటికి ఆడవాళ్ల వేళలో స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లసాగింది. అడిగితే లైబ్రరీకంది. మొదటి రెండు వారాలూ గట్టు రాడ్ పట్టుకుని నిలబడింది.

"మేడమ్, ఇక రాడ్ వదలండి," అంది నేర్పే అమ్మాయి.

"వదిలితే?"

"వదిలితే దాన్నే ఈతంటారు."

మూడో వారం వదిలింది. ఆరో వారానికి పూల్ అడ్డంగా దాటింది. నీళ్లు తాగిందే కాని, ఆ సంగతి కూడా ఇంట్లో చెప్పలేదు.

ఇక ఒళ్లు నొప్పులు. బాత్రూమ్ అల్మారాలో నొప్పుల మందు ట్యూబ్ ఒకటి ఉండేది. ఇద్దరూ దొంగచాటుగా అదే రాసుకున్నారు. తరిగిపోతే రెండో మనిషికి తెలిసిపోతుందని ఇద్దరూ ఎవరికి వారే కొత్తది కొని పాతదాని స్థానంలో పెట్టారు. దాంతో ఆ ట్యూబ్ వాడేకొద్దీ నిండుతూ వచ్చింది. ఇల్లంతా ఒకటే వాసన.

"పక్కింటివాళ్లు ఏదో రాసుకుంటున్నట్టున్నారు," అన్నారాయన ఒక సాయంత్రం, కిటికీ మూస్తూ.

"పాపం, పెద్దవాళ్లు," అంది ఆమె నడుం పట్టుకుని.

ప్రయాణానికి మూడు వారాల ముందు డాక్టరు సర్టిఫికెట్ పంపమని సంస్థ కబురుపెట్టింది. ఇద్దరికీ ఒకే దారి తోచింది. తను పనికిరానని రాయించుకుంటే చాలు. ఎదుటి మనిషి హాయిగా కొండలెక్కుతారు, తను డెక్కు మీద ఉండిపోవచ్చు. పక్కన భర్త ఉండరన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. అయినా సగమైనా దక్కుతుందనుకుని, కూరగాయలకని చెప్పి క్లినిక్‌కి వెళ్లింది.

"డాక్టరుగారూ, నా మోకాళ్లు పనికిరావని రాసిపెట్టండి. ఆయన్ని మాత్రం ఆపకండి. పాపం, ఎంతో ఆశపెట్టుకున్నారు."

డాక్టరమ్మ మోకాలు వంచి చూసింది. "నొప్పుందా?"

"ఉండాలి."

"ఉండాలి కాదమ్మా. ఉందా?"

"లేదు."

డాక్టరమ్మ బీపీ చూసింది, గుండె విన్నది, మళ్లీ బీపీ చూసింది. "పోయినేడాది రిపోర్టు మీదేనా? ఇప్పుడు అన్నీ ఇంత బావున్నాయే! ఈ మోకాళ్లు పనికిరావని రాస్తే నా డిగ్రీ వెనక్కి లాక్కుంటారు. కాసేపు ఆ తెర వెనక పడుకోండి, ఇంకోసారి చూస్తాను."

ఆమె తెర వెనక పడుకుందో లేదో తలుపు చప్పుడైంది. వచ్చింది మిల్లీగ్రాముగారు.

"డాక్టరుగారూ, నాకు ఊపిరందదని రాయండి. మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి. ఆవిడకి కొండలంటే ప్రాణం."

తెర పక్కకి జరిగింది. "నాకా?"

మిల్లీగ్రాముగారు కుర్చీ పట్టుకున్నారు. "నువ్వేంటి ఇక్కడ? కూరగాయలకన్నావ్?"

"మీరు ఆఫీసులో మీటింగన్నారు. ముందిది చెప్పండి. కొండలంటే నాకు ప్రాణమని ఎవరు చెప్పారు?"

"ఆ రోజు ఆ జలగ బొమ్మని ఎంతసేపు చూశావ్!"

"భయమేసి చూశానండీ! మీరు మాత్రం? వేలు తియ్యలేదుగా ఆ పేజీ మీంచి?"

"తీస్తే ఎగిరిపోతుందనీ..."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. చివరికి ఇల్లాలు పరీక్ష బల్ల అంచున కాళ్లు వేలాడదీసుకుని, నేలవైపు చూస్తూ అంది. "నాకు కూర్చోవాలనుందండీ."

"కూర్చోవాలనా?"

"అంతే. ఏడు రోజులు. ఎవరూ లేపకుండా. మీ పక్కన."

ఆ మాట బరువెంతో మిల్లీగ్రాముగారికి అంతుపట్టలేదు. అంత పెద్ద త్రాసు వాళ్ల కంపెనీ తయారుచేయదు. ఆయన లేచి, క్లినిక్ మెట్ల మీద నిలబడి నిర్వాహకురాలికి ఫోన్ చేశారు. మొదటి యాత్రకు మార్చమని ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎవరినీ బతిమాలనట్టు బతిమాలారు.

"మొదటిది నిండిపోయింది సార్," అంది ఆమె. "మీ జట్టులో మిగతా తొమ్మిది జంటలూ మీ పట్టిక చూసిన వారంలోనే డాక్టరు కాగితాలు పంపి అందులోకి మారిపోయారు. పడక కుర్చీలు కూడా చాలట్లేదు. రెండోదీ నిండిపోయింది. మూడో దాంట్లో మీరిద్దరే మిగిలారు."

"ఇద్దరి కోసం నడపడం మీకు శ్రమ కదండీ?" అన్నారాయన ఆశగా.

"భలేవారు సార్! మీలాంటివాళ్ల కోసమేగా అది పెట్టింది!"

అలా ఆ జంట ఓడెక్కింది. మొదటి రోజు ఉదయం చిన్న పడవ వాళ్లిద్దరినీ అగ్నిపర్వతం అడుగున, ఇసుక ఒడ్డున దింపేసి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేది సాయంత్రమే. అక్కడ యాభై దాటిన గైడు ఒకడు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. "అన్నిటికీ అయిదుకి అయిదు," అని చదివాడు, న్యాయస్థానంలో శిక్ష చదివినట్టు.

తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాదో పద్ధతుందమ్మా. కొండెక్కే ముందు ఒక్కొక్కరినీ విడివిడిగా అడుగుతా. ఎవరికి వాళ్లు నోటితో చెప్పాలి. మీకు ఎక్కాలనుందా?"

పదకొండేళ్లుగా ఆ ప్రశ్నకు ప్రతి యాత్రికుడూ పక్కనున్న మనిషి ముఖం చూసి, ఉందనే చెప్పాడు. ఆమె కూడా భర్త వైపు తిరిగింది. మిల్లీగ్రాముగారు ఆమెకు తన ముఖం కనిపించకుండా, అతి కష్టం మీద, సముద్రం వైపు తిరిగిపోయారు.

ఆమె కాసేపు ఆయన వీపు చూసింది. "లేదు," అంది.

ఎక్కడో ఒక పిట్ట కూసింది. "నాకూ లేదు," అన్నారు మిల్లీగ్రాముగారు సముద్రంతో.

గైడు వీపు మీది సంచీ దించాడు. "నాకైతే పదకొండేళ్లుగా లేదు," అని అందరికంటే ముందు తనే కూర్చున్నాడు.

ముగ్గురూ చెట్టు నీడన ఇసుకలో కూర్చున్నారు. పది నిమిషాలు కాగానే ఆమె కాళ్లు వాటంతటవే లేచాయి. "కూర్చోవోయ్," అన్నారాయన మెల్లగా. ఆమె కూర్చుంది. మధ్యాహ్నం ఓడ అల్లంత దూరంలోంచి వెళ్లింది. మొదటి యాత్రవాళ్లు కుర్చీలు దొరక్క డెక్కు కమ్మీల వెంట బారులు తీరి నిలబడి ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒడ్డున ఉన్న ముగ్గురినీ చూసి, అప్పుడే ఎక్కి దిగేశారు కాబోలని చప్పట్లు కొట్టారు.

మర్నాడు మడ అడవిలోనూ అదే ప్రశ్న, అదే జవాబు. నాలుగో రోజున మాత్రం పగడాల దగ్గర గైడు అడగ్గానే ఆమె ఎవరి ముఖమూ చూడకుండా ఉందనేసింది. పావుగంట ఈదింది, వచ్చి మళ్లీ కూర్చుంది. ఆమె ఈదుతున్నంతసేపూ మిల్లీగ్రాముగారు తువ్వాలు రెండు చేతులా పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయారు.

చివరి రోజు ఇద్దరికీ శిఖరారోహణ ప్రశంసాపత్రాలు ఇవ్వమని సంస్థ నుంచి ఆజ్ఞ వచ్చింది. వాటి మీద సంతకం పెట్టడానికి పెన్ను వెతుక్కుంటూ గైడు లేచి నిలబడ్డాడు. ఆ వారంలో ఆ ద్వీపాల్లో జరిగిన ఆరోహణ అదొక్కటే.