జమ్మువైరి జమ్ము నాటిన వైనం

కృష్ణమ్మ రెండు పాయలుగా విడిపోయి, కడలిని చేరేముందు కడసారి ఒడిలోకి తీసుకున్న దివిసీమలో, నాగాయలంక దారిలో ఒకానొక గ్రామాన, ఇంటింటా మోటార్లు ఘోషింపగా, వాషింగ్ మెషీన్లు రణభేరులై మ్రోగగా, తన ఇంటి మురుగు తన గోడ దాటితే చాలు లోకకల్యాణం జరిగిపోయినట్టేనని ప్రతి గృహస్థుడూ నిశ్చింతగా నిద్రించు ఈ మహోజ్జ్వలయుగంలో, మినుము పూతకొచ్చిన మాఘమాసాన మొదలైన ఘోరసంగ్రామాన్ని వినిపిస్తాను, చిత్తగించండి.

ఆ ఊళ్ళో పిచ్చేశ్వరరావు అనే వీరుడున్నాడు. పంటకాలువల్లో నడుంలోతు దిగి, నీటికి అడ్డుపడే జమ్ముగడ్డిని నలభయ్యేళ్ళపాటు వేళ్ళతో సహా పెళ్ళగించిన జమ్మువనదావానలుడు, కలుపుకులాంతకుడు, ఆరెకరాలూ కౌలుకిచ్చి రెండేళ్ళయినా చెయ్యి ఊరుకోని కొడవలిపాణి. ఆ మహానుభావుడి ఇంట అంట్లు తోమిన, ఒళ్ళు రుద్దుకున్న, బట్టలుతికిన జలరాశి యావత్తూ సందులోకి దూకి, ఎదురింటి హెప్సిబా గుమ్మం ముందు పదిహేనేళ్ళుగా నల్లటి మడుగై విరాజిల్లుతోంది. హెప్సిబా లెక్కల టీచరు, తొమ్మిదో తరగతి గజగజలాడే గణితభయంకరి. అయినా ఆ మడుగు ఊళ్ళో ఎవరికీ కనపడలేదు.

ఒకనాడు ఆమె పిచ్చేశ్వరరావు భార్య విజయకుమారి దగ్గరకొచ్చింది.

"పిన్నిగారూ, ఈస్టర్‌కి మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. వచ్చేవాళ్ళు మీ అంట్ల నీళ్ళు తొక్కుకుంటూ రావాలండీ. ఈలోపు ఏదో ఒకటి చెయ్యండి. లేకపోతే గుమ్మం ముందు సిమెంటు గట్టు పోయిస్తాను. నీళ్ళు మళ్ళీ మీ వంటింట్లోకే వస్తాయి."

విజయకుమారికి సిగ్గేసింది. "ఈస్టర్‌కి నీ గుమ్మం ఆరకపోతే నేను విజయకుమారినే కాదమ్మా" అని భీషణప్రతిజ్ఞ చేసింది.

భర్త గుడివాడలో పెళ్ళికెళ్ళిన మూడు రోజుల్లో ఆ మహాసాధ్వి పెరట్లో గొయ్యి తవ్వించి, రొయ్యల చెరువులకు వేసే షీటు పరిపించి, కంకర నింపించి, అందులో జమ్ము నాటించింది. నీళ్ళు ముందు తొట్టిలో జిడ్డు వదిలి, కంకరలో మెల్లగా నడిచి, జమ్ము వేళ్ళ దగ్గర మురికి వదిలి, తేటపడి అరటి చెట్లకు చేరాలి. ఊరు ఊరంతా గోడ మీంచి తొంగిచూసి ముక్కున వేలేసుకుంది. మడుగును చూడని కళ్ళన్నీ జమ్మును మాత్రం చూశాయి.

నాలుగోనాటి ప్రభాతాన పిచ్చేశ్వరరావు పళ్ళు తోముకుంటూ పెరట్లోకొచ్చి, స్వగృహంలోనే శత్రుసైన్యం బారులు తీరి ఉండడం చూసి, బ్రష్షు నోట్లోనే ఉంచుకుని విజృంభించాడు. అరగంటలో జమ్మంతా నేలకూలింది. కంకర లేచిపోయింది, పైపు పక్కకి జరిగింది, నీళ్ళు మళ్ళీ సందున పడ్డాయి.

"ఓ గృహలక్ష్మీ! నేను ప్రాణాలతో ఉండగా నా పెరట జమ్మనే రాక్షసి తలెత్తుటయా? నలుదిక్కులా నా కీర్తి మాసిపోదా?" అన్నాడని నేను వర్ణిస్తాను గానీ, ఆయన నిజంగా అన్నది, "మూడు రోజులు లేకపోయేసరికి పెరడు ఇలా వదిలేశావేంటే?" అని.

విజయకుమారి వివరంగా చెప్పింది. ఆయన వివరంగా తలూపాడు. మళ్ళీ నాటించింది. వారం తిరక్కుండా మళ్ళీ పీకాడు. "తెలిసి చేసింది కాదే, చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది" అన్నాడు.

అంతట ఆ మానవతి పైపు నోట్లో గుడ్డ కుక్కింది. "కంకర మడి పాడుచేసింది మీరు. నీళ్ళు మీరే మొయ్యండి. హెప్సిబా గుమ్మంలో చుక్క పడ్డానికి వీల్లేదు."

ఇరుచేతులా బకెట్లు ధరించి, రోజుకు పద్నాలుగుసార్లు పెరట్లోంచి ఊరి చివరి మురుగు కాలువ దాకా ఆ పరాక్రమశాలి సాగించిన దండయాత్ర నాలుగోనాటికి భుజం పట్టేయడంతో పరిసమాప్తమైంది. తన ఇంట్లోంచి ఇన్ని నీళ్ళు బయటికి పోతున్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఐదోనాడు పట్టపగలు, నడివీధిలో, మోపెడ్ వెనక జమ్ము మోపు కట్టుకుని వస్తుంటే టీకొట్టు దగ్గర శోభనాద్రి ఆపాడు.

"ఎక్కడికి బావా జమ్ము?"

"ఇంటికి."

"తగలెయ్యడానికా?"

"నాటడానికి."

టీకొట్టులో గ్లాసులన్నీ పెదాల దగ్గరే ఆగిపోయాయి.

ఈస్టర్ ముందు శనివారం విజయకుమారి పెరట్లోకొచ్చేసరికి ఆయన కంకర మడి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పచ్చగా ఏదో పీకిన దుబ్బు.

"మళ్ళీ పీకారా?"

"జమ్ము కాదే, వరి. ఎక్కణ్ణుంచి గింజ పడిందో ఏమో. జమ్ముకి అందాల్సిన బలమంతా ఇదే లాగేస్తోంది" అని, నలభయ్యేళ్ళు వరి పండించిన ఆ చేత్తోనే వరి దుబ్బును గోడవతల పారేశాడు.

మర్నాడు హెప్సిబా గేటు తీసి, పొడిమట్టి మీద చెప్పులు ఆనించి, ఎదురింటి వైపు చూసింది. "పిన్నిగారూ, బాబాయిగారిని తీసుకుని ప్రార్థనకి రండి" అంది.

కావున సకలజనులకూ తెలియజేయడమేమనగా, కలుపుకులాంతకుడైన పిచ్చేశ్వరరావు, ప్రతిజ్ఞాపాలనధురీణ అయిన విజయకుమారి, ఇస్త్రీ బట్టలు ధరించి, నాలుగడుగుల వెడల్పుగల దుర్గమమైన ఆ సందును నిర్విఘ్నంగా దాటి, ఎదురింటి గుమ్మంలో తొలిసారి అడుగుపెట్టారు. వాళ్ళ అంట్ల నీళ్ళు పదిహేనేళ్ళుగా వెళ్తున్న చోటికి ఆ రోజు వాళ్ళు కూడా వెళ్ళారు.