బుల్లెమ్మ ఫోను, బసవపున్నయ్య వాచీ

గుండె కొట్టుకోవడం చూపించే వాచీ కొని సంగతి తేల్చుకునేదాకా పొలం కౌలుకివ్వనని ఖరాఖండీగా చెప్పి, బసవపున్నయ్య పొద్దున్నే హనుమాన్ జంక్షన్‌లో బెజవాడ బస్సెక్కాడు. ఆమధ్య ఆయనకు కళ్ళు తిరిగినప్పుడు డాక్టరుతో మాట్లాడింది భార్య బుల్లెమ్మే. గుండె నీరసించిందట, సేద్యం మానమన్నారట. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే పోరు. కౌలుకి ఊళ్ళో రైతు జీవరత్నాన్ని కూడా మాట్లాడేసింది. పిచ్చి వస్తువేదో కొంటాడని అనుమానపడి, ఇప్పుడు పక్క సీట్లో కూర్చుంది.

"గుండె కొట్టుకునేది సరిగ్గా చెబుతుందా అమ్మా?" బెజవాడ కొట్లో వాచీలమ్మే శాలిని అనే అమ్మాయిని నిలదీశాడు బసవపున్నయ్య.

"చెబుతుందండీ. అలాగని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకండి."

"పొలం బోదెలో నీళ్ళకి తడిస్తే?"

"నీళ్ళకేమీ కాదండీ."

"నా ఫోనుతో పనిచేస్తుందా?" జేబులోంచి బటన్ల ఫోను తీశాడు.

"దీంతో కుదరదు బాబాయిగారూ. టచ్ ఫోను ఉండాలి."

బసవపున్నయ్య బుల్లెమ్మ చేతిసంచీ వైపు చూశాడు. "అందులో ఉంది. దాంతో కలుపు."

"అమ్మగారికి ఫోనొస్తే మీ వాచీ కూడా మోగుతుందండీ. మాటలు కూడా దీన్లోంచే..."

"మోగనీ. నాక్కావాల్సింది గుండె."

మర్నాడు కౌలు ఖాయం చేసుకుందామని జీవరత్నం వచ్చాడు. బసవపున్నయ్య నీళ్ళగాబు దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చి, మణికట్టు అతని ముక్కుకి ఆనించాడు. "చూడవయ్యా. డెబ్బై రెండు! మూలన కూర్చోవాల్సిన గుండేనా ఇది?"

అంతలో వంటింట్లో బుల్లెమ్మ ఫోను మోగింది. చేతిమీద వాచీ కూడా అందుకుంది. దాని నోరు మూయిద్దామని అద్దం మీద అడ్డదిడ్డంగా నొక్కాడు.

"అమ్మా!" మంగళగిరిలో ఉన్న కూతురు శ్రీదుర్గ గొంతు వాకిలంతా వినిపించింది. "నాన్న గుండె శుభ్రంగా ఉందని డాక్టరు అన్నారని ఇంకా చెప్పలేదా?"

జీవరత్నం కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. బసవపున్నయ్య మళ్ళీ నొక్కాడు. గొంతు ఇంకా పెరిగింది. పరువు పోతోందన్న కంగారులో పరిగెత్తి చెయ్యి గాబులో ముంచాడు. పైకి తీసేసరికి కూతురు మాట్లాడుతూనే ఉంది. శాలిని నీళ్ళ విషయంలో అబద్ధం చెప్పలేదు.

"...పొలానికి అన్నం కారియర్ మోసి నా మోకాళ్ళు పోయాయని సూటిగా చెప్పొచ్చుగా!"

బుల్లెమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. జరిగింది అర్థమై, తడిసిన చెయ్యి లాక్కుని చూసింది. "నూట ముప్పై! నే చెప్పలా జీవరత్నం, ఈయన గుండె బాలేదని?"

"అది జబ్బు కాదే, కోపం! మోకాళ్ళ సంగతి చెబితే విననా?"

"ఏడాదిగా చెబుతున్నా. విన్నారా? గుండె అంటేనేగా నావైపు తల తిప్పారు!"

జీవరత్నం చెప్పులు వెతుక్కున్నాడు.

"పొలం మాత్రం నేనే చేస్తాను," అన్నాడు బసవపున్నయ్య చివరికి.

"చేసుకోండి. కారియర్ కూడా మీదే."

వారం తర్వాత ఆయన కారియర్‌తో గుమ్మం దిగుతుంటే వాచీ మోగింది. కొట్టు నుంచి శాలిని. "వాచీ ఎలా ఉందండీ?"

"గుండె బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు బసవపున్నయ్య, రెండో చేతిలోకి మార్చుకుంటూ. "కారియరే కాస్త బరువు."