పెద్దమడుగు అభయారణ్యంలో ఏకైక ప్రాణి

"పెద్దమడుగు అభయారణ్యంలో ఇకమీదట ప్రభుత్వానికి తెలియకుండా చీమ కూడా చావదు" అని అటవీ శాఖామాత్యులు వెంకటరామారావు గారు భద్రాచలంలో జరిగిన పర్యావరణ దినోత్సవ సభలో ప్రకటించారు. వేదిక మీది పెద్దలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కింద కూర్చున్నవాళ్లు వేదిక మీది వాళ్లను చూసి కొట్టారు. చీమల విషయంలో ఇంత ధైర్యంగా మాట్లాడిన మంత్రి ఆ జిల్లాకు అంతకుముందు రాలేదు.

ఆ మాట మైకు కట్టిన జీపెక్కి, దుమ్ముగూడెం దాటి, వాగు దాటి మర్నాటికి పెద్దమడుగు చేరింది. ఊరి పక్కన కొత్తగా హద్దురాళ్లు పాతారు. అందులో ఒకటి సరిగ్గా తెల్లం కొండమ్మ జొన్నచేను గట్టు మీద పడింది. రాయికి ఇవతల కొండమ్మ, అవతల ప్రభుత్వం.

కొండమ్మ మామూలు మనిషి కాదు. వన సంరక్షణ సమితికి చైర్‌పర్సన్. పదవి ఆడవాళ్లకు ఇవ్వాలని ఆర్డరు వచ్చిన రోజున ఊరంతా అడవికి పోగా, జ్వరంతో ఇంటి దగ్గర దొరికిన ఒకే ఒక ఆడమనిషి కాబట్టి ఏకగ్రీవంగా ఎన్నికైంది. అయితే ఆమె దిగులు సమితి గురించి కాదు, చేను గురించి. తొలకరి పడింది. నేల పదునెక్కింది. ఆ పదును ఆరేలోగా గింజ పడకపోతే జొన్నలు లేనట్టే. జొన్నలు లేకపోతే పోయినేడు లాగే ఇల్లు వదిలి వైరా వైపు మిర్చితోటలకు కూలికి పోవాలి. మిర్చి ఘాటుకు పోయినేడు పట్టుకున్న దగ్గు ఇంకా వదల్లేదు.

గింజ చల్లడానికి అడ్డం ఏమిటంటే, పెద్దమడుగులో భూమి పండుగ కాకుండా ఎవరూ చల్లరు. ప్రతి ఇంటి విత్తనాలూ తెచ్చి ఒకే గంపలో పోస్తారు. మగవాళ్లు వేటకు పోతారు. దొరికినదాని నెత్తురు ఒక్క చుక్క గంపలో పడితే పండుగ అయినట్టు. అప్పుడు ఎవరి పాలు వాళ్లు తీసుకుపోయి చల్లుకుంటారు. ఒకప్పుడు దుప్పి దొరికేదట. కొన్నేళ్లుగా దొరుకుతున్నది ఎలుక.

గంప నిండిన రోజునే రేంజరు ముత్యాలు వచ్చాడు. ముత్యాలు చాలా మంచివాడు. చట్టం చెప్పేటప్పుడు ఆయనకే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

"చైర్‌పర్సన్ గారూ, ఈసారి వేట బంద్. సాంక్చువరీ అయింది" అన్నాడు.

"బంద్ అంటే ఎట్ల సారూ? గింజలు గంపల ఉన్నయి. పదును ఆరిపోతది."

"వేటాడితే జైలక్కా."

"మేమేమన్న దుప్పిని కొడుతున్నమా? ఎలుక సారూ, ఎలుక!"

"ఎలుకైనా సాంక్చువరీ ఎలుకే."

"మా చేన్ల తిరిగే ఎలుక?"

"చేన్ల ఉన్నంతసేపు మీది. రాయి దాటితే గవర్నమెంటుది."

"అది దినాం దాటుతనే ఉంటది కద."

"అందుకే కన్ఫ్యూజన్ వద్దు అంటున్న."

పండుగ చేయించే పూజారి దూలయ్య అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "ఇంట్ల కోడిని కోస్తే సరిపోదా తాతా?" అని ముత్యాలే ఆశగా అడిగాడు.

"గూట్లకెళ్లి తీసి కోస్తే అది వేట ఎట్లయితది బిడ్డా? ఉరికించి పట్టాలె. మా తాతలు గట్లనే చేసిండ్రు" అన్నాడు దూలయ్య. తర్వాత కాసేపు ఆలోచించి, "జైల్ల బువ్వ పెడతరా?" అని అడిగాడు.

"పెడతరు."

"అయితే ఊరంత వస్తం. నీ జీపు సరిపోద్దా?"

ముత్యాలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంగతి జిల్లా అటవీ అధికారి అయిన డీఎఫ్‌ఓ గారికి చెప్పాడు. ఆయన హైదరాబాదుకు చెప్పారు. గిరిజన సంస్కృతి అంటే ప్రాణం ఇచ్చే మంత్రిగారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని తీర్పు చెప్పారు.

"వేట ఉండాలి. చావు ఉండకూడదు."

ఇంత లోతైన మాట విన్నాక డీఎఫ్‌ఓ గారు రెండు పూటలు అన్నం తినలేకపోయారట. మూడో పూట అర్థం తట్టింది. శాఖ తరఫున ఒక ఫారం కోడిని తెచ్చి అడవిలో వదులుతారు. గిరిజన సోదరులు దాన్ని వేటాడతారు. అది అడవి జంతువు కాదు కాబట్టి వన్యప్రాణి చావు ఉండదు. వేట మాత్రం ఉంటుంది. దీన్ని చూడడానికి, వీలైతే ముందుండి నడిపించడానికి మంత్రిగారే వస్తారు.

వచ్చారు. తలపాగా చుట్టారు. దూలయ్య విల్లు భుజాన వేసుకున్నారు. విలేకరుల ముందు బుట్ట మూత తీసి తెల్లకోడిని హద్దురాయికి అవతల దించారు. పాపం ఆ కోడి పుట్టి బుద్ధెరిగి నేల మీద నడవలేదు. దించినచోటే కూర్చుంది. ఊరి మగవాళ్లు విల్లంబులతో చుట్టూ నిలబడ్డారు. మంత్రిగారు బాణం ఎక్కుపెట్టారు. అప్పుడు డీఎఫ్‌ఓ గారు చెవిలో చెప్పారు.

"సార్, వద్దు సార్. కోడి రాయి దాటింది."

"దాటితే?"

"అభయారణ్యంలో ఉన్న ప్రాణి కదా సార్. ఇప్పుడది వన్యప్రాణి."

చట్టం అనగానే మంత్రిగారు బాణం దించిన తీరు చూసి తీరవలసిందే. ఎంతమంది దించగలరు?

కొండమ్మ ఊరుకోలేదు. "సారూ, పొద్దుగాల మీ జీపులనే వచ్చింది కద ఇది!"

"జీపులో ఉన్నంతసేపు కోడి. దిగాక వన్యప్రాణి" అన్నారు డీఎఫ్‌ఓ గారు.

"ఇవతలికి కొడత ఉండుండ్రి. హుష్..."

"అదిలించొద్దు! డిస్టర్బెన్స్ కింద వస్తుంది."

"మరేం చెయ్యాలె?"

"దాని ఇష్టంతో అది రావాలి. ప్రజాస్వామ్యంలో అంతే."

అందరూ ఎదురుచూశారు. మధ్యాహ్నానికి భద్రాచలం హోటలు నుంచి చికెన్ బిర్యానీ వచ్చింది. అధికారులు దాన్ని కోడికి ఎదురుగా, అయితే రాయికి ఇవతలే కూర్చుని తిన్నారు. హద్దు పట్ల అంత శ్రద్ధ. ఎంగిలి ఎముక ఒకటి అవతల పడితే ముత్యాలు పరుగున పోయి తెచ్చాడు.

పొద్దు వాలినా కోడి కదల్లేదు. వేట బృందం మంత్రిగారి నాయకత్వంలో వట్టి చేతులతో ఊరి దారి పట్టింది. పెద్దమడుగులో వట్టి చేతులతో తిరిగొచ్చే వేటగాళ్లకు ఒక మర్యాద ఉంది. ఊరి మొదట్లో ఆడవాళ్లు పేడనీళ్ల కుండలతో నిలబడతారు. మొదటి కుండ వేటకు పెద్దగా నడిచినవాడికి. ఆ రోజు మొదటి కుండ కొండమ్మ చేతిలో ఉంది.

ముత్యాలు అడ్డం వచ్చాడు. "అక్కా, మంత్రిగారు! మంత్రిగారక్కా!"

"వేటకు పోయిండా లేదా?"

"పోయిండు."

"ఏమన్న తెచ్చిండా?"

"లేదు."

"మరింకేంది?"

కుండ నిండుగా కుమ్మరించింది. వెనకనున్న ఆడవాళ్లు ఒక్కసారిగా అందుకున్నారు. "మొగోళ్లేనా మీరు! ఆ విల్లంబులు మాకియ్యుండ్రి, పొయ్యిలకన్న వస్తయ్!"

మంత్రిగారు కళ్లు తుడుచుకుని, "ఏమంటున్నారు?" అని అడిగారు.

"దీవిస్తున్నరు సార్" అన్నాడు ముత్యాలు.

మంత్రిగారు రెండు చేతులూ జోడించి ఆడపడుచులందరికీ నమస్కరించారు. మర్నాడు పేపర్లన్నిట్లో ఆ ఫోటో పడింది. 'మంత్రికి గోమయాభిషేకం, ఉప్పొంగిన గిరిజన హృదయాలు.' పక్కనే కోడి ఫోటో. 'అభయారణ్యంలో నిర్భయంగా.'

గింజలు మాత్రం గంపలోనే ఉన్నాయి. ఆ ఉదయం కొండమ్మ చేలో మట్టి పిడికిట్లోకి తీసుకుంటే సగం పొడిపొడిగా రాలిపోయింది. వెనక్కి తిరిగేసరికి ముత్యాలు ఉరుక్కుంటూ వస్తున్నాడు.

"అక్కా, మునిగినం! కోడి చచ్చిపోయింది."

"ఫారం కోడి కదా సారూ, ఎండకు పోయుంటది. దానికింత గాబరా ఏంది?"

"ఉన్నది అదొక్కటే కదక్కా!"

"ఏంది ఒక్కటి?"

ముత్యాలు గొంతు తగ్గించాడు. "ఈ అడవిల ఏడాదంత తిరిగినం. రికార్డుకెక్కిన ప్రాణి అదొక్కటే. ఢిల్లీ నుంచి టీం వస్తున్నది. మీ కోడిని ఒకటియ్యి."

"నాది తెల్లది కాదు, ఎర్రది."

"ఎండకు రంగు తిరిగిందని రాస్తం."

ఆ లోపే డీఎఫ్‌ఓ గారి జీపు కూడా వచ్చి ఆగింది. కొండమ్మ ఇంటి ముందు తిరుగుతున్న ఎర్రకోడిని చూపించింది. "గదే. పట్టుకపోండ్రి."

"మీరు పట్టివ్వరా?" అన్నారు డీఎఫ్‌ఓ గారు.

"మాకు వేట బంద్ కద సారూ."

చట్టం తెలిసిన మనిషి ముందు డీఎఫ్‌ఓ గారు ఏమనగలరు? బూట్లు బిగించుకున్నారు. నాటుకోడి ఫారం కోడిలాంటిది కాదు. పెంటకుప్ప మీంచి, దడి మీంచి, దూలయ్య ఇంటి కప్పు మీంచి ఎగిరింది. వెనక గార్డులు, గార్డుల వెనక ముత్యాలు, ముత్యాలు వెనక డీఎఫ్‌ఓ గారు. దడి దగ్గర టోపీ పోయింది, వాగు దగ్గర కళ్లద్దాలు పోయాయి. ఊరు ఊరంతా అరుగుల మీదికి చేరి, "అటు కాదు సారూ, ఇటు! వంగు, వంగు!" అని కేకలు పెట్టింది. చివరికి రేగుకంపలో ఇరుక్కున్న కోడిని డీఎఫ్‌ఓ గారే స్వయంగా పట్టుకున్నారు. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, రొప్పుతూ, గర్వంగా తెచ్చారు.

దారిలో దూలయ్య విత్తనాల గంపతో నిలబడ్డాడు. ముల్లు గీరిన కోడికాలు నుంచి ఒక చుక్క గంపలో పడింది.

"తాతా, ఇది చెల్లుతదా?" అని అడిగింది కొండమ్మ.

"ఉరికించిండ్రా? ఉరికించిండ్రు. పట్టిండ్రా? పట్టిండ్రు. ఎవలు పడితేంది. పోండ్రి, చల్లుకోండ్రి జల్దీ!"

ఆ సాయంత్రానికి కొండమ్మ చేలో గింజ పడింది. మరుసటి రోజు వాన కూడా పడింది.

ఎర్రకోడిని దండ వేసి అభయారణ్యంలో వదిలారు. అది పగలంతా అక్కడ పురుగులు ఏరుకుని, పొద్దు గూకేవేళకు కొండమ్మ గూటికి వచ్చి పడుకుంది. నాటుకోడికి అదే అలవాటు. అప్పటినుంచి రోజూ తెల్లవారగానే ముత్యాలు వచ్చి, "అక్కా, వన్యప్రాణి లేచిందా?" అని అడిగి రాయి దాకా సాగనంపేవాడు. ఢిల్లీ టీం వచ్చినరోజు కొంచెం ముందే వచ్చాడు.

కొన్నాళ్లకు కోడి పొదిగింది. తల్లి వెంట పిల్లలు కూడా రాయి దాటి పోయి వచ్చేవి. మంత్రిగారు హైదరాబాదులో పత్రికలవాళ్లను పిలిచి, తమ హయాంలో పెద్దమడుగు వన్యప్రాణి సంతతి పదింతలు పెరిగిందని ప్రకటించారు. దేశంలో ఇంకెక్కడా అంత పెరుగుదల లేదని నిపుణులు అన్నారు.

జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో కొత్తగూడెం బొగ్గుబాయిలో పనిచేసే కొండమ్మ అల్లుడు బిడ్డను తీసుకుని వచ్చాడు. ఎదిగిన కోడిపిల్లల్లో ఒకటి తగ్గింది.

"ఒకటి ఏమైందక్కా?" అన్నాడు ముత్యాలు మర్నాడు.

"తినేసిండ్రు" అని, ఏ కల్మషమూ లేకుండా చెప్పింది కొండమ్మ.

పైకి పోయేసరికి ఆ మాట ఎదిగింది. తినేది ఉంటే వేటాడే జంతువు ఉన్నట్టు. వేటాడే జంతువు ఉంటే పులి ఉన్నట్టు. అసలు ఈ రోజు కోసమే తాను రాజకీయాల్లోకి వచ్చానని మంత్రిగారు కన్నీళ్లతో చెప్పారు. పెద్దమడుగును పులుల అడవిగా ప్రకటించారు. పులి ఉన్నచోట మనుషులు ఉండకూడదు కాబట్టి ఊరు వెంటనే ఖాళీ చేయాలని ఆర్డరు వేశారు.

ఆర్డరు చదువుతూ ముత్యాలు ఏడ్చాడు. కొండమ్మ చేనువైపు చూసింది. కంకులు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"ఏం పులి సారూ? మా అల్లుడు తిన్నడు."

"అక్కా, ఆ మాట అనకు! మంత్రిగారు పులి అని చెప్పేసిండు."

"మరి చేను కొయ్యకుండ పోవాల్నా? మళ్ల మిర్చితోటలకేనా?"

అరుగు మీది నుంచి దూలయ్య లేచి దులుపుకున్నాడు. "పోదాం పా పిల్లా. సామాన్లు సర్దు. నీ కోళ్లను గంప కింద మూయి, అవి కూడ వస్తయ్ కద మన ఎంట."

ముత్యాలు ఏడుపు ఆగిపోయింది. "కోళ్లు కూడ పోతయా?"

"మరి? ఇడిసిపోతమా?"

అంత వేగంగా జీపు ఎక్కడం ముత్యాలును ఎవరూ చూడలేదు. అడవిలో ఉన్న ప్రాణులన్నీ గంప కింద కూర్చుని ఊరు దాటిపోతాయని వినగానే డీఎఫ్‌ఓ గారు హైదరాబాదుకు ఫోను చేశారు. మూడు శాఖలు కూర్చుని ఆలోచించాయి. వారం తిరిగేలోగా పాత ఆర్డరు రద్దయి కొత్త ఆర్డరు వచ్చింది. ఊరి మొదట్లో గార్డులు గుంత తవ్వి, ఆకుపచ్చ రంగు వేసిన పెద్ద రేకుబోర్డు నిలబెట్టారు.

ఊరంతా చుట్టూ చేరింది. "ఏం రాసిండ్రు సారూ?" అని అడిగింది కొండమ్మ.

ముత్యాలు గొంతు సవరించుకుని చదివాడు. "పెద్దమడుగు గ్రామస్తులు పులికి ముఖ్యమైన ఆహారం. కావున వీరిని ఇక్కడి నుంచి ఎవరూ కదిలించరాదు. ఇట్లు, ప్రభుత్వం."

కొండమ్మే అడిగింది.

"అంటే, జొన్న కోసుకోవచ్చునా?"

"కోసుకో అక్కా, మంచిగ కోసుకో" అన్నాడు ముత్యాలు. ఈసారి ఆయన కళ్లలో ఉన్నవి సంతోషపు నీళ్లు. "మీరు కడుపు నిండ తిని బలంగ ఉండాలె. గది కూడ ఆర్డర్ల ఉన్నది."