గంటకీ తలుపుకీ మధ్య

"మోగిందంటున్నానా!"

"మోగలేదమ్మా. నీకలా అనిపించిందంతే."

పొద్దున్నే మొదలైన వాదన కాఫీలు చల్లారిపోయినా తెగలేదు. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే అత్తగారు, వీధి తలుపు గంట మోగిందని రోజూ వెళ్ళి తలుపు తీస్తుంది. గుమ్మంలో ఎవరూ ఉండరు. కొడుకేమో అసలు మోగనే లేదంటాడు. ఎవరి మాట నమ్మాలో కోడలికి పాలుపోలేదు. ఆడపడుచు ఇవాళ వచ్చి, తల్లిని డాక్టరుకు చూపించి, అటునుంచటే తన ఇంటికి తీసుకెళ్ళిపోతుందని మాత్రం తెలుసు. అత్తగారు లేని ఇంటిని కోడలు ఊహించుకోలేకపోతోంది.

"ఆ వేళప్పుడు మీరు ఆఫీసులో ఉంటారు కదండీ, మోగలేదని మీకెలా తెలుసు?" అంది భర్తతో. ఆయన పేపరు చాటుకు దూరాడు.

ఆడపడుచు వస్తూనే తల్లి బట్టలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. "అమ్మకిలా ఉందని ముందే చెప్పొద్దూ వదినా?"

"నాకేమీ లేదే. ముందు నువ్వు గొంతు తగ్గించు," అంది అత్తగారు.

అప్పుడు గంట మోగింది. అందరికీ వినపడింది. కోడలు వెళ్ళి తలుపు తీస్తే, వీధి చివరిదాకా ఎండ తప్ప ఏమీ లేదు. తలుపు వేసి ఇటు తిరిగిందో లేదో మళ్ళీ మోగింది. మళ్ళీ తీసింది. ఈసారి గుమ్మం ఇందాకటికన్నా ఖాళీగా కనిపించింది.

ఆడపడుచు కాళ్ళు ముడుచుకుని పెట్టె మీదెక్కి కూర్చుంది. "వదినా, అమ్మొక్కతే ఏమిటి, అందరం మా ఇంటికి పోదాం!"

"కంగారుపడకండి. అది... నా పనే," అన్నాడు కొడుకు.

అడిగిన పనికి కంప్యూటరు ఎంతసేపటికి జవాబిస్తుందో లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. పనులు వేళాపాళా లేకుండా వచ్చిపడతాయి. తన లెక్క సరిచూసుకోవడానికి ఇంటి గంటకు ఒక ప్రోగ్రాం తగిలించాడు. అది తోచినప్పుడు గంట మోగిస్తుంది, తలుపు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో రాసుకుంటుంది. ఇవాళ సెలవు, అందరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఆపాల్సింది, మర్చిపోయాడు.

"కన్నతల్లి మీదా ప్రయోగాలు?" కోడలు మండిపడింది.

"చెబితే అమ్మ తలుపు పక్కనే కూర్చునేది. కొలత పాడైపోయేది కదా!"

"అన్నయ్యా, డాక్టరు దగ్గరికి పద. అమ్మ కాదు, నువ్వు."

ఆయన నమ్మించడానికి కంప్యూటరు తెచ్చి కొలతలు చూపించాడు. కోడలు ఒకచోట వేలు పెట్టింది. "ఈ అంకెల ముందు చిన్న గీతలేమిటండీ?"

ఆయన వంగి చూశాడు. ముఖంలో రంగు పోయింది. "సున్నా కంటే తక్కువని."

"అంటే?"

"మోగకముందే అమ్మ తలుపు తీసిందని. కుదరదే! ఎప్పుడు మోగుతుందో నాకే తెలీదు. పాచికలు వేసినట్టు అదే తేల్చుకుంటుంది." ఇంకా కిందకి చూశాడు. ఈమధ్య కొలతలన్నిటికీ గీతలే.

అత్తగారు పెట్టెలోని బట్టలు తీసి ఒక్కొక్కటే బీరువాలో పెట్టుకుంటోంది. "మొదట్లో మోగాకే లేచేదాన్ని. ఇప్పుడు మెట్లెక్కుతుంటేనే తెలిసిపోతోంది."

"ఎవరు అత్తయ్యా?"

"రోజూ వచ్చేవాళ్ళే."

బీరువా మూసి, అందరివంకా చూసి, గొంతు పెంచకుండా చెప్పింది. "నేనెక్కడికీ రావడం లేదు. నేను లేకపోతే వాళ్ళకి తలుపెవరు తీస్తారు?"

ఆ పూట నుంచి ఆ ఇంట్లో అందరూ గుమ్మం దగ్గర ఎవరికో దారిస్తున్నట్టు కాస్త పక్కకు ఒదిగి నడుస్తున్నారు.