ఎర్రది పడితే

ధరూర్‌లో ఐదెకరాలు కౌలు చేసే జయరాజుకు ఆ పొద్దున ఒకటే పని. గద్వాలకు పోయి యూరియా లైన్లో నిలబడటం. షేర్ల బెంగ మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్దామనుకున్నాడు. పడుతున్న షేరును "రేపు లేస్తదిలే" అని ముద్దు చేసి ఇప్పటికే రెండుసార్లు చేతులు కాల్చుకున్నాడు మరి. చివరికి ఫోన్ వీడియోలో ఓ సారు చెప్పిన పాఠం తలకెక్కింది: పడితే అమ్మాలి, మనసును దగ్గరికి రానివ్వొద్దు. తన మనసు సంగతి తనకు తెలుసు కాబట్టి, పెద్ద ఫోన్ తీసి డిగ్రీ చదివే కూతురు గీత చేతిలో పెట్టాడు.

ఇక మిగిలింది ఒక్క కంపెనీ షేరే. ఎప్పుడు చూసినా నష్టం చూపే ఎర్ర అంకెల్లోనే కనబడుతుందని దానికి 'ఎర్రది' అని పేరు పెట్టుకున్నాడు.

"బిడ్డా, ఎర్రది పడిందంటే అమ్మెయ్. నేను ఏడ్చి మొత్తుకున్నా ఇనకు" అని చెప్పి, బటన్ ఫోన్ జేబులో వేసుకుని ఆటో ఎక్కాడు.

పొయ్యి దగ్గరున్న అతని భార్య బాలమణి చెవిన ఆ మాట పడింది. ఆమెకు తెలిసిన ఎర్రది ఒక్కటే, పుట్టింటివాళ్లు ఇచ్చిన ఎర్రావు. వాకిట్లోకి పోయి దాని కాళ్లు చూసొచ్చింది.

గీత సిగ్నల్ కోసం మిద్దెక్కింది. వాన వెలిసిన వాకిలంతా బురద. పది గంటలకు ఆవు కాలుజారి దబ్బున పడింది. బాలమణి మొగుడికి ఫోన్ చేసింది.

"గీత నాయినా, ఎర్రది పడ్డది!"

"ఎంత పడ్డది?" లైన్లో ముందుకు జరుగుతూ అడిగాడు జయరాజు.

"ఎంతేంది? మొత్తమే పడ్డది!"

అతను లైన్లోనే అరిచాడు. "అమ్మెయ్!"

"జర ఆగు, మెల్లగ లేస్తున్నది."

ఆ మాటకు అతని మనసు మళ్లీ ఊగింది. అంతలో సారు గుర్తొచ్చాడు. "లేస్తదని చూసే గదా నేను రెండుసార్లు మునిగిన! అమ్మెయ్!"

"ఎంతకు?"

"ఎంతొస్తె అంతకు!"

ఫోన్ పెట్టేసి జయరాజు ఛాతీ విరుచుకున్నాడు. మనసు చెప్పిన మాట వినకపోవడం జీవితంలో అదే మొదటిసారి. ఆ సంబరంలో ముందున్నవాడికి అడగకుండానే రెండు సలహాలు కూడా ఇచ్చాడు. ఇంటి దగ్గర బాలమణి కళ్లు తుడుచుకుంటూ పశువుల బేరగాడు పెద్దన్నను పిలిపించి, పలుపు అతని చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం యూరియా దొరక్క ఇంటికొచ్చిన జయరాజుకు గుంజ ఖాళీగా కనిపించింది.

"ఆవేది?"

"నువ్వే అంటివి గదా, పడ్డది అమ్మెయ్యని!"

"నేనన్నది షేరును!"

మిద్దె మీది నుంచి గీత తొంగిచూసింది. "షేరు పడనే లేదు నాయినా. పొద్దుగాల్నుంచి పచ్చగనే ఉన్నది, మనం కొన్న రేటు గూడ దాటింది."

బాలమణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు జయరాజు పాఠమంతా మరిచిపోయాడు. పక్కింటి బండి అడుక్కుని పోయి, ఊరి చివర పెద్దన్నను పట్టుకున్నాడు.

"అన్నా, నీ పైసలు నువ్వు తీస్కో. నా ఆవు నాకియ్యి."

పెద్దన్న ఆవు వీపు నిమిరాడు. "గది పడ్డప్పటి రేటు. ఇప్పుడు లేసి నిలవడ్డది. ఇంకో ఐదువేలైతది."

జయరాజు బేరం కూడా ఆడలేదు. షేరు అమ్మి రేపిస్తానని మాటిచ్చి ఆవును తోలుకొచ్చాడు. గీత అప్పటికప్పుడు షేరు అమ్మేసింది. అందులో వచ్చిన లాభం, అతని మొట్టమొదటి లాభం, నేరుగా పెద్దన్న జేబులోకి పోయింది.

మూడో రోజు ఆ షేరు నిజంగానే కుప్పకూలింది. మనసు గట్టి చేసుకుని ముందే అమ్ముకున్నాడని జయరాజుకు ఊళ్లో పేరొచ్చింది. సలహా కోసం వచ్చినవాళ్లకు అతను మీసం దువ్వుకుంటూ పాఠం చెబుతుంటే, బాలమణి ఆవు మళ్లీ జారకుండా వాకిట్లో ఇసుక పోస్తూ ఉంది.

ఆ సాయంత్రం ఆమెకు పెద్దన్న ఫోన్ చేశాడు. "ఏం లేదు చెల్లె, మబ్బు పట్టింది. ఎర్రది ఇయ్యాల ఏమన్న పడ్డదా?"