మా ఆయన పేగుల్లో కరువు

మాంసం తప్ప మరేదీ ముట్టని భర్త దొరకడం అదృష్టం! నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కొంతకాలంగా పొద్దున మాంసం, మధ్యాహ్నం మాంసం, రాత్రీ మాంసమే. కూరగాయలు విషమని ఫోన్ వీడియోలో ఒకాయన చొక్కా లేకుండా కూర్చుని చెప్పాడట. చొక్కా కూడా దాచుకోని మనిషి నిజం దాస్తాడా?

దీనివల్ల ఎన్ని లాభాలో! పొద్దున్నే బాత్‌రూమ్‌లోకి వెళ్లిన మనిషి ఎంతకీ బయటికి రారు కాబట్టి టీవీ రిమోట్ నా చేతికొచ్చింది. ఆయన లిఫ్టులో ఉంటే జనం ముక్కులు మూసుకుని మెట్లెక్కుతున్నారట. ఊరందరికీ ఉచిత వ్యాయామం!

ఇక పేగుల్లో బాక్టీరియా అంటారా? నేను బడిలో సైన్స్ టీచర్ని. కూరగాయల్లోని పీచు తిని బతికే సూక్ష్మజీవులు మన పేగుల్లో కోట్లకొద్దీ ఉంటాయనీ, పీచు అందకపోతే కొన్ని తగ్గిపోతాయనీ, మరికొన్ని పేగు లోపలి జిగురు పొరనే తినడం మొదలుపెడతాయనీ పిల్లలకు చెబుతుంటాను. వాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. మా ఆయనకూ చెప్పాను.

"నీకేం తెలుసే! ఆయనెంత స్టడీ చేశాడో!" అన్నారు, పొట్ట పట్టుకునే.

నిజమే మరి. అద్దె కట్టకుండా కోట్లమంది కాపురముంటే ఎవరు మాత్రం ఖాళీ చేయించరు?

మొన్న కడుపులో మెలితిప్పే నొప్పితో వంటింటి గుమ్మంలోనే కూలబడ్డారు. డాక్టరు దగ్గరికి వెళదామంటే ససేమిరా అన్నారు. డాక్టర్లను నమ్మొద్దని కూడా ఆ ఫోన్ మనిషే చెప్పాడట!

ఇక లాభం లేదని మా బడి డ్రిల్ మాస్టారి కాళ్లావేళ్లా పడ్డాను. కండలు తిరిగిన మనిషి, గుబురు గడ్డం. నా పాఠమే కాగితం మీద రాసిచ్చి, చొక్కా విప్పించి, వీడియో తీశాను. "నొప్పి ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని చివర్లో గర్జించమన్నాను. మా ఆయన ఏనాడూ మా బడి గుమ్మం తొక్కిన పాపాన పోలేదు, ఇక మాస్టారిని గుర్తుపట్టేదెలా?

వీడియో మాస్టారి నంబరు నుంచే మా ఆయన ఫోన్‌కి వెళ్లింది. గంటలో మా ఆయన డాక్టరు ముందున్నారు. రాత్రి అన్నంలోకి చిక్కుడుకాయ కూర అడిగారు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ వీడియోనే నాకు ఫార్వర్డ్ చేసి, కింద రాశారు: "అప్పుడప్పుడూ ఇలాంటివాళ్లు చెప్పేది నువ్వూ వినాలి."

విన్నాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఎడిటర్ గారూ, ఒక్క మనవి. ఈ కాలమ్ కింద నా పేరు వేయకండి. ఎవరో పరాయి ఆవిడ రాసిందనుకుంటేనే మా ఆయన చివరిదాకా చదువుతారు. చదివి, కాస్త బుద్ధి తెచ్చుకోమని నాకూ వినిపిస్తారు.