నిలబడి ఆడితే పళ్ళకు మంచిది

పగలంతా జనం పళ్ళు ఊడకుండా కాపాడే మనిషి, సాయంత్రం ఆరు దాటగానే ఎదుటివాడి పళ్ళు రాలగొట్టడానికి పరిగెత్తుతాడంటే కొత్తవాళ్ళు నమ్మరు. పళ్ళ డాక్టరుగారి విషయంలో మాత్రం ఇది వీధి వీధంతా ఎరిగిన సత్యం.

రాలగొట్టేది మిషను మీదేలెండి. క్లినిక్‌కు ఎదురుగా, వీధికి అవతల, లాండ్రీ పైన పాత వీడియో గేముల హాలొకటి ఉంది. అందులో కొట్లాట గేము మిషను ఉంది. ఇద్దరు పక్కపక్కన నిలబడి, చెరో జాయ్‌స్టిక్కు పట్టుకుని, తెర మీది వస్తాదుల చేత ఒకరినొకరు తన్నించుకోవాలి. గెలిచినవాళ్ళు ఉంటారు, ఓడినవాళ్ళు తప్పుకుంటారు. తరువాతి వంతు కావలసినవాళ్ళు తమ టోకెను తెచ్చి తెర కింద అంచు మీద పెడతారు. అక్కడి ధర్మశాస్త్రమంతా ఇంతే.

పదకొండేళ్ళుగా ఎడమవైపు జాయ్‌స్టిక్కు డాక్టరుగారిది. క్లినిక్‌లో "కాస్త నోరు తెరవండి" అని అందరినీ బతిమాలుకునే ఆయన ఆట చూసి, అక్కడ ఎవరూ బతిమాలకుండానే నోళ్ళు తెరిచేవారు. ఆయన ఆటలో ఉండే ఆరు నుంచి ఎనిమిది దాకా క్లినిక్ ముందుగదిలో కూర్చుని ఫోన్లు తీసేది, అపాయింట్‌మెంట్లు రాసేది ఆయన భార్య.

ఒక సోమవారం హాలు యజమాని, అందరూ టోకెన్ తాత అని పిలిచే పెద్దాయన, పిడుగులాంటి మాట చెప్పాడు.

"డాక్టరూ, నెలాఖరుకి హాలు మూసేస్తున్నా. ఈ మిషన్ను పాత ఇనుమువాడు అడిగి వెళ్ళాడు."

"పాత ఇనుమా! తాతా, నీకు మనసెలా ఒప్పింది?"

"ఎవడొస్తున్నాడయ్యా? ఇంటింటికీ గేము పెట్టెలొచ్చాయి. టీవీకి తగిలించుకుని, సోఫాలో పడుకుని తన్నుకుంటున్నారు. నిన్న సాయంత్రం ఇక్కడ ఉన్నది మనిద్దరం, ఒక ఈగ."

"ఈగన్నా చూసిందిగా!"

"మొదటి రౌండు చూసింది. రెండో రౌండుకి అదీ లేచిపోయింది."

ఆ పూట డాక్టరుగారికి ముద్ద దిగలేదు. భార్య అడిగింది, ఆయన చెప్పారు, ఆవిడ తేల్చేసింది.

"దీనికింత దిగులెందుకండీ? మీరూ ఓ పెట్టె కొనుక్కోండి. ఇంట్లోనే ఆడుకోవచ్చు."

"ఇంట్లోనా? వెనక నిలబడి 'అబ్బా' అనేవాళ్ళెవరు?"

"నేను రోజూ అంటూనే ఉన్నాగా."

"ఆ అబ్బా వేరు, ఈ అబ్బా వేరు! గెలిచాక ఓడినవాడి ముఖం చూడాలి. సోఫాలో గెలిస్తే నేనేం చూడాలి, దిండా?"

"దిండైతే మళ్ళీ వచ్చి మిమ్మల్ని ఓడించదు. ఆలోచించుకోండి."

ఆయన ఆలోచించుకున్నారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మర్నాడు పొద్దున బ్యాంకు మేనేజరు కుర్చీలో వెల్లకిలా ఉన్నాడు. నోటి నిండా దూది. పక్కనే ఆయన భార్య.

"నిద్రలో పటపటా పళ్ళు కొరుకుతున్నారండీ. మరమరాలు నములుతున్నారేమోనని లేచి దీపం వేసి చూశాను కూడా."

"ఇంట్లో గేమాడతారా అమ్మా?"

"అయ్యో, అదే పని కదండీ! ఆఫీసు నుంచి రావడం, సోఫాలో చేరగిలబడటం..."

డాక్టరుగారి బుర్రలో దీపం వెలిగింది. వెలిగినప్పుడు ఆర్పేసుకుని ఉంటే బాగుండేది.

"అదీ సంగతి! చేరగిలబడి కొట్లాట గేమాడితే ఒంట్లో కోపం కిందికి దిగదమ్మా. ఎగదన్ని దవడలో కూర్చుంటుంది. అదే నిటారుగా నిలబడి ఆడారనుకోండి, కాళ్ళలోంచి జారి నేలలోకి పోతుంది. మేడ మీది ఇనప కడ్డీ పిడుగును భూమిలోకి దింపదూ? అలాగన్నమాట."

"ఆఁ... ఊఁ... ఊఁ!" అన్నాడు మేనేజరు దూది లోంచి, చేతులు అడ్డంగా ఊపుతూ.

"చూశారా, ఆయనకీ తెలుస్తోంది."

"మరి నిలబడి ఎక్కడాడాలండీ?"

"ఎదురుగా, లాండ్రీ పైన. ఆరు నుంచి ఎనిమిది దాకా. భోజనానికి ముందు."

తెరకు ఇవతల, ముందుగదిలో, రిజిస్టరు మీద భార్య కలం ఆగింది. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే జాగ్రత్త పడాలన్న ఒక్క పాఠం పదిహేనేళ్ళ కాపురంలో డాక్టరుగారికి వంటబట్టలేదు.

వైద్యుడి మాట కాలినడకన పోతే, ఆయన మాట విన్న ఇల్లాలి మాట రెక్కలు కట్టుకుని పోతుంది. వారం తిరగకుండా మందుల షాపాయన, టైలరు, లెక్కల మాస్టారు హాల్లో తేలారు. ఒక్కొక్కరి వెనకా భార్య.

"వంగకండి! డాక్టరుగారు నిటారుగా అన్నారు."

"ఆ మడమలు నేలకి ఆనించండి. కోపం ఎటు పోతుందనుకున్నారు?"

రెండోవారానికి వైద్యం ముదిరింది. ఆడకపోయినా, గేము పెట్టె ఊరికే ఇంట్లో ఉంటే చాలట, పిప్పిపన్ను వస్తుందట. డాక్టరుగారు ఈ మాట అనలేదు. కాదనీ అనలేదు. ఇల్లాళ్ళు పెట్టెలు తెచ్చి క్లినిక్‌లో దింపేశారు.

"ఈ దరిద్రం మీ దగ్గరే ఉంచండి డాక్టరుగారూ. అడిగినా ఇవ్వకండి. ఏడ్చినా ఇవ్వకండి."

అద్దాల బీరువాలో, ప్లాస్టరుతో పోసిన నమూనా దవడల పక్కన, ఏడు గేము పెట్టెలు చేరాయి. వేలాడే ఆ వైర్లు చూసి, అవి నరాలు లాగే యంత్రాలేమోనని కొత్త పేషెంట్లిద్దరు గుమ్మం లోంచే వెనుదిరిగారు.

హాలు కిటకిటలాడింది. తాత పాత ఇనుమువాణ్ణి మెట్ల మీద నుంచే పంపించేశాడు. డాక్టరుగారు ఎడమవైపు నిలబడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు మట్టి కరిపిస్తూ, ఓడిన ముఖాలన్నీ కరువుతీరా చూసుకున్నారు. పన్నెండు రోజులు ఆయనంత సుఖపడిన ప్రాణి ఆ వీధిలో లేదు.

పదమూడోనాడు భార్య రిజిస్టరు మూసి, క్లినిక్ తాళం వేసి, మేనేజరు భార్యతో కలిసి మెట్లెక్కి వచ్చింది.

"నువ్వెందుకొచ్చావు?" అన్నారు డాక్టరుగారు, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే.

"వారం నుంచి దవడ లాగుతోందండీ."

హాల్లోని ఇల్లాళ్ళందరూ అయ్యో అన్నారు.

"ఊరందరికీ చెప్పారు, సొంత భార్యకి చెప్పుకోలేకపోయారా?"

"వరసలేం వద్దు, ముందు ఆవిడ టోకెను పెట్టండి!"

డాక్టరుగారు పెద్దమనసు చేసుకున్నారు. ఏ బటను ఎందుకో చెప్పారు. వస్తాదును ఎంచుకోమన్నారు. తాను ఎప్పటిలాగే రెండు కత్తులవాణ్ణి పట్టుకున్నారు. ఆవిడ వరసంతా చూసి, చేతికర్ర పట్టుకున్న ముసలమ్మ దగ్గర ఆగింది.

"అదెందుకు? పదకొండేళ్ళలో దాన్నెవరూ ముట్టుకోలేదు. కర్రతో కాలి మడమ మీద కొట్టడం తప్ప దానికింకేం రాదు."

"ఒకటొచ్చుగా. చాలు."

కత్తులవాడు గాలిలోకి ఎగిరి, మూడు పల్టీలు కొట్టి, ఎంతో అందంగా కిందికి దిగాడు. దిగగానే ముసలమ్మ మడమ మీద కొట్టింది. టక్. లేచాడు. టక్. వెనక్కి గెంతాడు. ముసలమ్మ రెండడుగులు వేసి, టక్. ఆవిడది రోజంతా క్లినిక్ రశీదుల మీద స్టాంపు గుద్దే చెయ్యి. తొందరా లేదు, అలసటా లేదు.

"ఇది న్యాయం కాదు! కొట్టిన దెబ్బే మళ్ళీ మళ్ళీ కొట్టకూడదు!"

"ఎక్కడ రాసుంది?"

"రాసుండదు. హాల్లో ఆడేవాళ్ళకి తెలిసుండాలి. మర్యాద!"

"నేను ఇవాళేగా వచ్చాను," అంది ఆవిడ. టక్.

కత్తులవాడు పడ్డాడు. ఈసారి లేవలేదు. హాలు మొత్తం ఒక్క గొంతుతో "అబ్బా!" అంది. పదకొండేళ్ళలో అంత నిండైన అబ్బా డాక్టరుగారు వినలేదు. అది తనకు కాకపోవడమొక్కటే లోటు.

ఆయన తప్పుకుని, కొత్త టోకెను తెచ్చి అంచు మీద పెట్టారు. ముందు ముప్ఫై ఒక్క టోకెన్లున్నాయి. ఇంతమందిని పిలిచిందెవరని ఎవరి మీద విసుక్కోవాలో తెలియక, గోడకు ఆనుకున్నారు.

"ఆనుకోకండి డాక్టరుగారూ," అంది టైలరు భార్య, ఎంతో గౌరవంగా.

మేనేజరు ఓడాడు. మందుల షాపాయన ఓడాడు. లెక్కల మాస్టారు దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి లెక్కగట్టుకుని మరీ వెళ్ళి, ఆ లెక్క ప్రకారమే ఓడాడు. వరసగా మూడు సాయంత్రాలు ఎనిమిది కొట్టినా డాక్టరుగారి వంతు రాలేదు. చేతులు తీటపెట్టడం మొదలైంది.

నాలుగో సాయంత్రం ఆయన హాల్లోంచి పిల్లిలా జారుకుని క్లినిక్‌కు వచ్చారు. కిటికీ తెరలు దించారు. బీరువా లోంచి ఒక పెట్టె తీసి, పేషెంట్ల కోసం గోడకు పెట్టిన టీవీకి తగిలించారు. కూర్చోవడానికి చుట్టూ చూస్తే పేషెంట్ల కుర్చీ కనిపించింది. మీట నొక్కితే అది మెల్లగా వెనక్కి వాలి, కాళ్ళు పైకెత్తి, ఆయన్ని ఊయలలో పెట్టినట్టు పెట్టింది. సోఫావాళ్ళ సుఖం ఏమిటో ఆయనకు మొదటిసారి బోధపడింది. పళ్ళు బిగించి, ఒకణ్ణి, ఇంకొకణ్ణి, మూడోవాణ్ణి తన్నారు.

తలుపు తెరుచుకుంది. భార్య. వెనక మేనేజరు భార్య. ఆవిడ వెనక ఇంకో నలుగురు, ఎవరికో పన్ను కదిలిందని డాక్టరుగారిని వెతుక్కుంటూ.

"డాక్టరుగారూ! మీరు... కూర్చుని...!" అంది మేనేజరు భార్య.

"పడుకుని," సరిదిద్దింది భార్య.

డాక్టరుగారు కుర్చీ మీట కోసం తడుముకున్నారు. ఈ ఒక్క దృశ్యం వీధిలోకి వెళితే చాలు. ఏడు పెట్టెలూ ఏడిళ్ళకూ తిరిగిపోతాయి, హాల్లో మళ్ళీ తాతా ఈగా మిగులుతారు, పాత ఇనుమువాడు తాళ్ళు పట్టుకుని వస్తాడు. తాను వైద్యం చేస్తానంటే నోరు తెరిచేవాళ్ళు కూడా ఉండరు. ఆయన భార్య వంక చూసిన చూపు, మత్తు ఇవ్వకముందే పట్టకారు చూసిన పేషెంటు చూపు.

ఆవిడ వెళ్ళి టీవీ ఆపేసింది.

"ప్రయోగమండీ," అంది వాళ్ళవైపు తిరిగి. "పడుకుని ఆడితే దవడ ఎంతలా బిగుస్తుందో తన మీదే చూసుకుంటున్నారు. ఊరివాళ్ళకి ఏమన్నా అయితే ఆయన తట్టుకోలేరు. కావాలంటే ఆ దవడ చూడండి."

నలుగురూ వంగి చూశారు. దవడ నిజంగానే రాయిలా ఉంది.

"ఎంత త్యాగమండీ!" అంటూ మేనేజరు భార్య కళ్ళు తుడుచుకుంది.

కదిలిన పన్ను సంగతి చూసి వాళ్ళను పంపించాక, భార్య షరతు చెప్పింది. ఆరు నుంచి ఎనిమిది వరకు ముందుగదిలో కూర్చుని ఫోన్లు తీయడం ఇకపై ఆయన పని.

"ఎన్నాళ్ళు?"

"నా దవడ నొప్పి తగ్గేదాకా."

"నీకు దవడ నొప్పే లేదు!"

"కోపం ఉందిగా. పదకొండేళ్ళుగా ఆ ముందుగది కుర్చీలో కూర్చుని ఉన్నా. నేలలోకి దిగడానికి టైము పట్టదూ?"

మర్నాడు సాయంత్రం ఆరుంబావుకు ఫోను మోగింది.

"హలో, పళ్ళ క్లినికేనాండీ? ఒక అపాయింట్‌మెంటు కావాలి."

డాక్టరుగారు సొరుగులన్నీ లాగి చూశారు. "రిజిస్టరు ఎక్కడుందో మా ఆవిడకే తెలుసండీ. మీరు కాసేపాగి చేయండి."

"ఆవిడ ఎప్పుడొస్తారండీ?"

డాక్టరుగారు కిటికీ లోంచి చూశారు. లాండ్రీ పైన దీపాలన్నీ వెలుగుతున్నాయి. జనం మెట్ల మీదికి కూడా వచ్చేశారు. అక్కణ్ణించి మరో "అబ్బా!" వీధి దాటి వచ్చింది.

"ఎవరైనా ఓడిస్తే వస్తుందండీ."

"నిన్న నేనూ ఆడానండీ," అంది ఆ గొంతు నీరసంగా. "వచ్చే నెల చేస్తాను లెండి."